ఏ నెల కొల్లేరు?

పోయిన ఆదివారం చర్చి నుంచి ఇంటికొచ్చేసరికి మా వసారాలో కాలు పెట్టే చోటు లేదు. ఏలూరు పక్కన వట్లూరులో కొత్తగా కట్టే ఇళ్ళకి వసారాలు మానేశారు గాని, మా అబ్బాయి నా కోసం పట్టుబట్టి ఒకటి పెట్టించాడు, నేను కూచుని కాలేజీ బస్సులు చూసుకోడానికి. ఆ వసారాలో మా మనవరాలూ, దాని స్నేహితురాలూ ఒక పెద్ద పటం పరిచి, నాలుగు మూలలా నా కీర్తనల పుస్తకం, మందుల డబ్బా, రెండు చెప్పులూ బరువు పెట్టి, బోర్లా పడుకుని ఉన్నారు. వేసవి సెలవుల్లో ఇద్దరూ సైకిళ్ళ మీద కన్యాకుమారి వెళతారట. గోడ వారన సామాను గుట్టగా పోసి ఉంది. నీళ్ళ సీసాలు, చక్రానికి అటూ ఇటూ వేలాడదీసే సంచులు, ఎండకి చర్మం కమిలిపోకుండా రాసుకునే గొట్టం. వంటింట్లోంచి త్రాసు తెచ్చుకుని సబ్బుబిళ్ళని కూడా తూస్తున్నారు. సగం సబ్బు చాలునా, పావు సబ్బు చాలునా అని వాదన. నేను చేతికర్ర ఆనించుకుని పటం మీదికి వంగి చూశాను. ఏలూరు ఉంది. ఏలూరు కింద నీలంరంగు మరక ఒకటుంది, కత్తెరతో కత్తిరించినట్టు చక్కటి అంచులతో. నా నోట్లోంచి ఒక మాట దానంతటదే వచ్చేసింది. "ఇది ఏ నెల కొల్లేరే?" అన్నాను. పిల్లలిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ చూపు నాకు తెలుసు. మామ్మ పొద్దున మాత్ర వేసుకుందా లేదా అని అడిగే చూపు అది.

నిజానికి ఆ ప్రశ్న నాది కాదు, మా అత్తగారిది. పంతొమ్మిది వందల ముప్పైల నాటి మాట. ఏలూరులో మా పెంకుటింటి నడవలో ఇలాగే పరిచిన ఇంకో పటం మీద వేలు పెట్టి ఆవిడ అడిగిన ప్రశ్న అది. ఆ వేలు ఆ నీలంరంగు మీద ఎంతసేపు ఆగిందో, ఆ తరవాత నేను ఏమైపోయానో చెప్పాలంటే ముందు మా వారి గురించి చెప్పాలి.

మా వారు మిషన్ హైస్కూల్లో భూగోళం మాస్టారు. అప్పటికి ఆయన చూసిన పెద్ద ఊరు బెజవాడ ఒక్కటే గాని, నదుల గురించి పాఠం చెబుతుంటే ఒక్కో నదిలో మునిగి లేచి, తల తుడుచుకుంటూ క్లాసులోకి వచ్చినట్టుండేది. ఆయనకో నల్ల సైకిలుండేది. ఒక ఏడు మా ఆడపిల్లల బడి చూసే దొరసానిగారు స్వదేశం వెళ్ళిపోతూ తన సైకిలు మా ఇంటికి ఇచ్చి వెళ్ళింది. నేను ఆ బడిలోనే పాఠాలు చెప్పేదాన్ని. సాయంత్రం పిల్లలు వెళ్ళాక, గేటు వేసి, ప్రహరీగోడ లోపల ఆయన వెనక క్యారేజీ పట్టుకుని పరిగెడుతుంటే సైకిలు నేర్చుకున్నాను. ఆయన పట్టుకునే ఉన్నారనుకుని మాట్లాడుతూ మాట్లాడుతూ వెనక్కి తిరిగి చూస్తే ఎక్కడో మామిడిచెట్టు కింద నిలబడి చప్పట్లు కొడుతున్నారు. వెంటనే క్రోటను మొక్కల్లో పడ్డాను. ఆ మచ్చ నా మోచేతి మీద ఇప్పటికీ ఉంది, మా మనవరాలు దాన్ని టీకా మచ్చ అనుకుంటుంది.

నేను పడకుండా బడి చుట్టూ పది చుట్లు తిరిగిన రోజున ఆయన కన్యాకుమారి మాట ఎత్తారు. ఏలూరు నుంచి ఏడొందల మైళ్ళ పైచిలుకు. వేసవి సెలవుల్లో ఇద్దరం వెళ్ళి, సముద్రాలు కలిసే చోట నిలబడి, చూసి, రావడం. అంతే. ఇంకే ప్రయోజనం లేదు. ప్రయోజనం లేని పని అంత శ్రద్ధగా చేసిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు. కాలువల ఆఫీసులో తెలిసిన ఓవర్సీయరు దగ్గర సర్వే పటాలు బతిమాలి తెచ్చారు. దీపాలు పెట్టే వేళకి నడవలో పటం పరిచి, తడిపిన దారం ఒకటి రోడ్డు వంపుల వెంట మెల్లగా పేర్చి, తీసి స్కేలు మీద పెట్టి మైళ్ళు కట్టేవారు. దారిలో ఏ ఊళ్ళో చర్చి ఉందో కనుక్కుని అక్కడి పంతులుగారికి కార్డు రాసేవారు. మీ ఊళ్ళో సైకిలు షాపు ఉన్నదా, మంచినీళ్ళ బావి రోడ్డుకు ఎంత దూరం, ఏటి మీద వంతెనా బల్లకట్టా, వేసవిలో గాలి ఎటు నుంచి వీచును. జవాబులన్నీ ఒక నోటుబుక్కులో ఎక్కేవి. చూడని ఊళ్ళ బావులు, తెలియని మనుషుల చేతిరాతలు. ఆ దారం ముక్క నా అరచేతిలో చుట్ట చుట్టి పెట్టినప్పుడు, ఏడొందల మైళ్ళు ఇంతేనా అని నా ఒళ్ళు జలదరించేది.

ఇక సామాను. దానికో తక్కెడ, పలాల లెక్క తూనికరాళ్ళు. రెండు ట్యూబులు, ఒక టైరు, సొల్యూషను, రబ్బరు ముక్కలు, గీకడానికి ఆకురాయి, చైను లింకులు, చక్రం పుల్లలు అరడజను, పంపు. దీపం దగ్గర వారం రోజులు తర్జనభర్జన జరిగింది. కార్బైడు దీపానికి వెలుగెక్కువ, కాని దాని మందు దొరకని ఊళ్ళున్నాయి. కిరసనాయిలు దీపం గుడ్డిది, కాని కిరసనాయిలు లేని ఊరు లేదు. గుడ్డిదే గెలిచింది. నా చీరలు నాలుగు తూచి రెండు తీసేశారు. బైబిలు తూచి, కాసేపు ఆలోచించి, దాన్ని లెక్కలో కలపకుండా పక్కన పెట్టారు. మా అత్తగారు గడపలో కూచుని ఇదంతా చూస్తూ, "నీ కళ్ళజోడు కూడా తూచరా నాయనా, ముక్కు మీద ఎంత బరువు మోస్తున్నావో తెలుస్తుంది" అనేది. ఆయన నిజంగానే తూచారు.

మా అత్తగారిది మండవల్లి. కొల్లేటి ఒడ్డున పుట్టి పెరిగి, పెళ్ళయి ఏలూరు వచ్చి, చిన్నతనంలోనే భర్తను పోగొట్టుకుని, నలుగురి ఇళ్ళలో వడ్లు దంచి కొడుకుని మాస్టారుని చేసిన మనిషి. బైబిలు కూడబలుక్కుని చదివేది. పటం అంటే మాత్రం గోడకి తగిలించుకునే బొమ్మ అని ఆవిడ అభిప్రాయం. దొరసాని సైకిలుకి వెనక చక్రం మీద బట్ట చిక్కకుండా దారాల వల ఒకటి ఉండేది. అది చీకిపోతే ఏలూరులో ఎవరూ బాగుచెయ్యలేకపోయారు. మా అత్తగారు చక్రం పక్కన చతికిలబడి, రెండు నిమిషాలు దాన్ని పరకాయించి చూసి, వలతాడు తెప్పించి, వలలు అల్లే వెదురు సూదితో ఒక పూటలో కట్టేసింది. ఒక్కో ముడీ ఒక్కలాగే ఉంది. చిన్నప్పుడు పక్కింట్లో చేపల వలలు అల్లుతుంటే చూసి నేర్చుకుందట. నా చీర అంచు ఆ తరవాత ఎన్నడూ చక్రంలో పడలేదు.

అలా వల కట్టింది గాని, వెళ్ళమని మాత్రం అనలేదు. ఆయన వెళ్ళడానికి ఆవిడకి పేచీ లేదు. మగవాడు, సెలవులు, సైకిలు, పోతాడు వస్తాడు. చిక్కల్లా నా గురించే. నేను వెళ్ళాలా వద్దా అన్నది మా ఇంట్లో ఆవిడ చెప్పవలసిన మాట, ఆవిడ చెప్పనిదే ఆయన నన్ను తీసుకెళ్ళరు, అది మాకు ముగ్గురికీ తెలుసు. నాకెంత వెళ్ళాలనుండేదో ఇప్పుడు చెబితే సిగ్గేస్తుంది. బడిలో నల్లబల్ల మీద సుద్దముక్కతో రాస్తూ, అదే చేత్తో హ్యాండిలు పట్టుకున్నట్టు గుప్పిట బిగించుకునేదాన్ని. దసరా సెలవుల్లో మా ఆయన ఆవిడని ఒప్పించడానికి నన్ను తాడేపల్లిగూడెం తీసుకెళ్ళారు. మా అక్కా వాళ్ళది ఆ ఊరు. కాలువ వెంట రోడ్డు, తెల్లవారుజామున బయలుదేరి మధ్యాహ్నం భోజనాలకి అందుకున్నాం. మా అక్క అత్తవారి వీధి వీధంతా బయటికొచ్చి నన్ను కాకుండా నా సైకిలుకున్న వలని చూశారు. మర్నాడు ఇంటికొచ్చి, గుమ్మంలో దిగి, ఇద్దరం గెలిచినట్టు మొహాలు పెట్టుకుని నిలబడితే అత్తగారు చెంబుతో నీళ్ళిచ్చి, "దాన్ని తీసుకెళ్ళింది రోడ్డురా, నువ్వు కాదు" అంది.

ఆ రోజే ఆయన పౌరుషంగా పటం తెచ్చి ఆవిడ ముందు పరిచారు. ఇదిగో ఏలూరు, ఇదిగో మీ మండవల్లి, ఇదిగో కొల్లేటికోట, ఈ చుట్టూ నీలంగా ఉన్నది కొల్లేరు అని వేలు పెట్టి చూపించారు. ఆవిడ వంగి, ఆ నీలంరంగు అంచు వెంట వేలితో నెమ్మదిగా రాసుకుంటూ పోయింది. చుట్టూ తిరిగి, మొదలుపెట్టిన చోటికి వచ్చి ఆగింది.

"ఇది ఏ నెల కొల్లేరు?" అంది.

మా వారు నవ్వారు. కొల్లేరు పెరిగి తగ్గుతుందని ఆయనకీ తెలుసు, పాఠంలో చెబుతారు కూడా. అయితే మాత్రం, దొరలు గొలుసులు పెట్టి కొలిచిన పటం, ఎంత తేడా వచ్చినా అర మైలో మైలో అంతే కదా అన్నారు. అత్తగారు ఆ నవ్వు పూర్తిగా అయిపోయేదాకా ఆగింది. "అయితే క్రిస్మస్ సెలవుల్లో ఈ పటం పట్టుకుని మా అన్నయ్య ఇంటికి వెళ్ళండి, ఇద్దరూ. సామానంతా వేసుకునే. బయల్దేరిన రోజు పొద్దుగూకేలోగా మండవల్లిలో ఉంటే అమ్మాయి కన్యాకుమారి వస్తుంది. లేకపోతే నువ్వొక్కడివే పో" అంది. ఆయన ఒప్పుకున్నారు. నన్ను అడగలేదు గాని, నేనూ ఒప్పుకున్నాను.

పండగ వెళ్ళిన నాలుగో నాడు తెల్లవారుతుండగా బయలుదేరాం. అత్తగారు గుమ్మంలో నిలబెట్టి ప్రార్థన చేసింది. ఆవిడ ప్రార్థనలో దేవుడికంటే మాకు చెప్పవలసిన సంగతులే ఎక్కువుండేవి. "ప్రభువా, నీళ్ళకి హద్దు పెట్టినవాడివి నువ్వే, ఆ హద్దు ఎక్కడుందో నీ బిడ్డలకి తెలియనప్పుడు నోరు తెరిచి అడిగే బుద్ధి ఇయ్యి" అంది. మేం ఆమెన్ అని సైకిళ్ళెక్కాం. దక్షిణంగా బండిదారి. మంచు, చేలల్లో కోతలైన మోళ్ళు, చలికి ఎర్రబడిన మా ఆయన చెవులు. ప్రతి మైలురాయి దగ్గరా ఆగి పటంలో టిక్కు పెట్టుకున్నారు. అంతా లెక్క ప్రకారమే జరుగుతోంది. పటంలో నీలంరంగు మొదలయ్యేది ఇంకా నాలుగు మైళ్ళ తరవాత, అక్కణ్ణుంచి పడవ రేవు కూడా గుర్తు పెట్టి ఉంది, మధ్యాహ్నానికి అవతలి ఒడ్డు.

అప్పుడు రోడ్డు నీళ్ళలోకి దిగింది. తెగిపోలేదు, గండి పడలేదు, మెట్లు దిగుతున్నంత నిదానంగా దిగింది. ముందు చక్రాల కింద తడి, తరవాత అరికాలు లోతు, ఆ ముందున్న మైలురాయి మెడదాకా నీళ్ళలో నిలబడి ఉంది. దాని అవతల ఏమీ లేదు. ఏమీ లేదంటే, నీళ్ళే. ఎడమా కుడీ, కంటికి ఆనినంతమేరా. ఆకాశం ఎక్కడ ఆగిందో నీళ్ళు ఎక్కడ మొదలయ్యాయో తెలియదు. ఆ తెలియని చోట గూడబాతులు, పరజలు, కొంగలు, ఊరికే తెల్లగా నల్లగా పరిచినట్టు. ఏదో అలికిడికి ఒక వైపునుంచి లేవడం మొదలుపెట్టాయి, లేస్తూనే ఉన్నాయి, ఆ రెక్కల చప్పుడు మా మీదనుంచి వెళ్ళడానికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను. నేను హ్యాండిలు పట్టుకుని నోరు తెరుచుకుని నిలబడిపోయాను. అంతకు ముందు చర్చిలో ఎన్నోసార్లు మోకరించాను గాని, ఎవరూ చెప్పకుండా తల వంచింది అక్కడే.

మా వారు పక్షులని చూడలేదు. పటం విప్పారు, తిప్పారు, దిక్సూచి పెట్టారు, సూర్యుణ్ణి చూశారు. "ఇక్కడ నీళ్ళుండడానికి వీల్లేదు" అన్నారు. మూడుసార్లు అన్నారు. నీళ్ళు వినిపించుకోలేదు. తరవాత గట్టు మీద చతికిలబడి, తూర్పుగా చుట్టి వెళితే ఎంతో దారంతో కొలిచారు. రేపు మధ్యాహ్నానికి గాని చేరం. పడమటగా కొలిచారు. అదీ అంతే. అక్కడికి కాస్త దూరంలో కిక్కిస గడ్డి నీడన రెండు తాటిదోనెలు జంటగా కట్టుకుని ఒక పెద్దాయన తాడు పేనుకుంటున్నాడు. మా వైపు తల తిప్పడం లేదు. అతన్ని అడుగుదామండీ అన్నాను. అతనికి చదువు రాదు, పటం ఏం తెలుస్తుంది, నువ్వు కాస్త ఉండు అన్నారు. పొద్దెక్కిపోతోంది. నా కన్యాకుమారి నా కళ్ళముందే ఆ నీళ్ళలో మునిగిపోతోంది. ఏడుపొచ్చింది. దాని వెనకే కోపం వచ్చింది. సైకిలు స్టాండు వేసి, చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని, బురదలో నడుచుకుంటూ అతని దగ్గరికి వెళ్ళాను. "ఏవండీ, మండవల్లి వెళ్ళాలండీ, దారేదండీ?" అన్నాను.

అతను తాడు పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు. "హమ్మయ్య, అడిగారండి" అన్నాడు. "మీ అత్తగారు చేపలమ్మే ఆవిడ చేత పది రోజుల కిందటే కబురంపారండి. పండగ వెళ్ళిన నాలుగోనాడు మా అబ్బాయీ కోడలూ మెడలోతు మైలురాయి కాడ ఆగిపోతారు, జంట దోనెలు కట్టి ఉంచమన్నారండి. వాళ్ళంతట వాళ్ళు అడిగేదాకా మాత్రం నోరు మెదపొద్దన్నారండి."

నాకు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. తరవాత తల తిప్పి ఆ మైలురాయిని చూశాను. మెడదాకా నీళ్ళు, సరిగ్గా మెడదాకా. ఆ ఒడ్డు విడిచిపెట్టి ముప్పై ఏళ్ళు దాటిన మనిషి, ఏలూరులో గడప మీద కూచుని, పుష్యమాసంలో నీళ్ళు ఏ రాయికి ఎంతదాకా ఉంటాయో పది రోజుల ముందే చెప్పింది. నేను ఆ రోజు చూసిన పక్షులకంటే, ఆ నీళ్ళకంటే, అది పెద్దది.

అతను మా సామాను తూచలేదు. ఒకసారి ఎత్తి చూసి, ఇది ఇక్కడ, ఇది అక్కడ అని దోనెల్లో సర్దాడు, సైకిళ్ళు అడ్డంగా పడుకోబెట్టాడు, గెడ వేశాడు. దోనె నీళ్ళలో ఒక వేలెడు కూడా ఒరగలేదు. కిక్కిస దుబ్బుల మధ్య సందుల్లోంచి పోతుంటే, కింద మునిగిన రోడ్డు కనిపించింది, నీళ్ళ అడుగున బండి చక్రాల గాడి తిన్నగా దక్షిణానికి పోతూ. మా వారు వంగి దాన్ని చూసి, నోటుబుక్కు తీసి, చిన్న గొంతుతో, "ఇది ఏ నెలకి బయటపడుతుందండీ?" అని అడిగారు. అతను చెప్పాడు. ఇంక ఆగలేదు. కొల్లేటికోట దాకా అడుగుతూనే ఉన్నారు, అతను చెబుతూనే ఉన్నాడు. అక్కడ కాసేపు దిగి, మళ్ళీ దోనెలెక్కి, గట్టు దొరికిన చోట సైకిళ్ళు దించుకుని, తాడిచెట్ల మీద బారెడు పొద్దుండగా మండవల్లిలో మా అత్తగారి అన్నగారి వాకిట్లో దిగాం. ఆయన మమ్మల్ని చూసి ఆశ్చర్యపోలేదు. వేణ్ణీళ్ళు కాగి ఉన్నాయి.

మూడో నాడు ఇంటికొచ్చాం. పొద్దుండగానే చేరామని ఆయన చెప్పబోతే అత్తగారు వినలేదు. "అతన్ని అడిగింది ఎవరు?" అంది. ఆయన నా వైపు చూశారు. నేను తల వంచుకున్నాను. "కాయితం తప్పని తెలిశాక నువ్వేం చేస్తావో చూద్దామనుకున్నాన్రా. అమ్మాయి కూడా నీతో వస్తుంది. అది లేకపోతే నువ్వు కన్యాకుమారిలో ఎవరినీ అడక్కుండా తిన్నగా సముద్రంలోకి పోతావు" అని లోపలికెళ్ళి, ఆయన తూచి తీసేసిన నా చీరలు రెండూ తెచ్చి మూటలో పెట్టింది. నేను ఆవిడ కాళ్ళ దగ్గర కూలబడి ఏడ్చాను. సామాను చిట్టాలో ఆయన చివర ఒక పద్దు చేర్చారు. దాని పక్కన బరువు వెయ్యలేదు, నా పేరు మాత్రం రాశారు.

ఆ తరవాత వారమంతా సాయంత్రాలు తల్లీకొడుకులు ఆ పటం ముందు కూచున్నారు. ఆవిడ వలతాడు ముక్క ఒకటి తీసుకుని, చైత్రంలో ఇక్కడిదాకా, శ్రావణంలో ఇదిగో ఇక్కడికి, ఆశ్వయుజంలో అయితే ఈ ఊళ్ళో వాళ్ళు గుమ్మంలో కూచుని కాళ్ళు కడుక్కుంటారు అంటూ తాడుని వంపులు తిప్పి పటం మీద పెట్టేది. ఆయన పెన్సిలుతో దాని వెంట గీత గీసి, నెల పేరు రాసేవారు. పన్నెండు గీతలు. వేసవిలో మేమిద్దరం కన్యాకుమారి వెళ్ళాం, వచ్చాం. ఆ దారిలో ఎక్కడా పనికిరాని ఆ కొల్లేటి పటాన్ని కూడా ఆయన తూచకుండా సంచిలో పెట్టుకున్నారు. ప్రతి ఊళ్ళోనూ దారి అడిగింది నేనే.

ఆ ఆదివారమే మా మనవరాలి చేత నా రేకు పెట్టె దింపించి ఆ పటం తీయించాను. వాళ్ళ పటం పక్కన పరిచాం. మడతల దగ్గర చిరిగింది, ఫాల్గుణం సగం చెరిగిపోయింది. తరవాత మా మనవరాలు ఆ గీతల మీద వేలు పెట్టి, సరిగ్గా ఆవిడలాగే చుట్టూ రాసుకుంటూ వచ్చి, "ఇప్పుడు నీళ్ళు ఇందులో ఏ గీతదాకా వస్తాయి మామ్మా?" అని అడిగింది. నాకు తెలియదని చెప్పాను. ఇప్పుడు చేపల చెరువులకి గట్లు వేశారు, నీళ్ళు ఎక్కడుండమంటే అక్కడుంటున్నాయి. చెప్పగలిగిన మా అత్తగారు లేదు, గీసిన ఆయనా లేరు. ఆ మెడలోతు మైలురాయిని చూసినవాళ్ళలో నేనొక్కదాన్నే మిగిలాను. నా ఒడ్డు కూడా నెలనెలా లోపలికి జరుగుతోంది, అడగాలనుకున్నవేమైనా ఉంటే ఈ నెలలోనే అడగండే అని చెప్పి, వాళ్ళ పక్కన చాప మీద కూచున్నాను.